బంతి బురదలో పడితే శభాష్

తాతబ్బాయి నోట మెచ్చుకోలు వినాలంటే పని చెడగొట్టాలి. వేరే దారి లేదు. పని కుదిరిందా, ఆయన మొహం ముడుచుకుపోయి నోట్లోంచి తిట్లు రాలతాయి. చెడిందా, రెండు చేతులూ చాచి "అబ్బబ్బబ్బ!" అంటూ పెళ్ళిపందిట్లో వియ్యంకుడు కనిపించినట్టు పొంగిపోతాడు.

ఈ సంగతి చిన్నప్పటి నుంచీ ఎరిగినది కాబట్టే, ఫెరార్గంజ్ రోడ్డు మీద పరుగెడుతున్న జీపు ఆ మలుపు తిరగగానే కళ చటుక్కున తల పక్కకి తిప్పేసుకుంది. ఎదురుగా పోకచెట్ల నీడలో ఒక మనిషి నడుస్తున్నాడు. వీపు మీద చేపలబుట్ట, బుట్టలో నిలబెట్టిన గోల్ఫ్ కర్రలు, మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన లుంగీ. వెనక నుంచి చూసినా పొరబడే ప్రమాదం లేదు. ఈ ద్వీపాలన్నిట్లో గోల్ఫ్ కర్రల్ని చేపలబుట్టలో మోసుకు తిరిగే మనిషి ఒక్కడే.

"దీదీ, వో దేఖో! తాతబ్బాయి చాచా!" అన్నాడు డ్రైవరు నాగరాజు సంబరంగా.

"నేను చూడలేదు. నువ్వూ చూడలేదు. పోనీ," అంది కళ పళ్ళ సందుల్లోంచి.

వెనక సీట్లోంచి ఒక గొంతు లేచింది. "ఆపండి, ఆపండి. ఎవరో మీ ఆటగాడిలా ఉన్నాడే! ఎక్కించుకుందాం."

ఆ గొంతు రామ్‌ప్రసాద్‌గారిది. ఏలూరు వైపు మనిషి, ఢిల్లీలో ముదిరిన ఆఫీసరు. ఆయన నోటి మాట మీద ఆ రోజు కళ బతుకంతా వేలాడుతోంది. కాబట్టి జీపు ఆగింది. కళ ఒక్క ఉరుకున దిగి, ముసలాయన్ని పోకచెట్టు చాటుకి లాగింది.

"పెదనానా! నిన్ను హోప్ టౌన్ పంపించాను కదా, గురువమ్మత్త దగ్గర రెండ్రోజులు ఉండి రమ్మని!"

"ఎల్లేను. అప్ప రాత్రి సందువా సేప పులుసెట్టింది. తిన్నాను. తిట్టేను. పొద్దున్న లెగిసి మళ్ళీ గుర్తొచ్చి మళ్ళీ తిట్టేను. గరిటుచ్చుకుని తరిమీసింది."

"అంత బాగాలేదా పులుసు?"

"ఏటే అలగడుగుతావు? సానా బాగున్నాది. అందుకే గదేటి తిట్టేను!"

కళ నెత్తి కొట్టుకుంది. అక్క చేతి కమ్మని పులుసు ఆయనకి అడ్డం తిరిగి, ఇప్పుడు మైదానం మెడకి చుట్టుకుంటోంది.

మైదానం గురించి చెప్పకపోతే ఈ కథ ఒంటికాలి మీద నడుస్తుంది. ఫెరార్గంజ్ దాటాక, ఒకప్పుడు కలప దుంగలు పేర్చిన డిపో స్థలంలో, పడౌకు చెట్లూ గర్జన్ చెట్లూ బారులు తీరిన చోట, తొమ్మిది గుంటల గోల్ఫ్ మైదానం ఒకటుంది. క్లబ్బు కాదు, టికెట్టు కొన్న ఎవరైనా ఆడవచ్చు. ఫెర్రీ నడిపేవాళ్ళు, బడిపంతుళ్ళు, చేపలమ్మేవాళ్ళు ఆడతారు. గోల్ఫ్ ఎక్కడో చలిదేశంలో, గొర్రెలు మేసే ఇసకదిబ్బల మీద పుట్టిందంటారు. పుట్టిన చోటు ఊరికే ఉండలేక దేశాలు పట్టి తిరిగింది. ఎడారిలో గడ్డి మొలిపించి ఆడినవాళ్ళున్నారు. మంచు మీద ఎర్రబంతితో ఆడినవాళ్ళున్నారు. అయితే నాలుగో గుంట పక్కన వాగు గట్టు మీద 'ఇక్కడ మొసలి కలదు' అని బోర్డు పెట్టి, దాని కింద ఇంకో బోర్డు మీద 'బంతి కోసం దిగరాదు' అని విడిగా రాయాల్సి వచ్చిన మైదానం మాత్రం ఇదేనేమో. ఒక్క బోర్డు సరిపోతుందని మొదట అనుకున్నారు. సరిపోలేదు.

మైదానం కష్టం మొసలితో అయిపోదు. ఆటదారి రెండు వైపులా చెట్లు అంత దగ్గరగా ఉంటాయి, బంతి వాటి మధ్య నుంచి సందులో సైకిలు పోయినట్టు పోవాలి. పక్కకి తొలగిందా, అడవి మింగేస్తుంది. ఆరో గుంటలో ఆవులు పడుకుంటాయి; వాటిని లేపితే పొడుస్తాయి, లేపకపోతే ఆట సాగదు. ఎనిమిదోది చిన్న దూరమే, కాని మధ్యలో చిత్తడి, అవతల విస్తరంత పచ్చిక.

ఇంత కఠినమైన చోట తాతబ్బాయి నోరొకటి. ఒకప్పుడు సొంత పడవ మీద చేపలవేటకి పోయినవాడు, ఇప్పుడు పొద్దస్తమానం మైదానంలోనే మకాం.

బంగారురాజు అని ఫెర్రీ ఇంజన్ చూసే కుర్రాడున్నాడు. భుజబలం, చూపు రెండూ ఉన్నవాడు. ఒకనాడు మొదటి దెబ్బకే బంతిని జెండా పక్కన, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో దించాడు. చుట్టూ ఈలలు. తాతబ్బాయి ముందుకొచ్చి బంతినీ వాణ్ణీ మార్చి మార్చి చూసి, "థూ!" అన్నాడు. "ఎలాగ పడున్నాదో సూడు, ఎండిపోయిన మేకపెంటికలాగ. నీ తల్లి నిన్ను అన్నమెట్టి పెంచిందేట్రా, గంజి పోసి పెంచిందా?" బంగారురాజుకి కోపం వచ్చి కర్ర విసిరేశాడు. అది వాగులో పడింది. మొసలి దగ్గరే ఉంది ఇప్పటికీ.

సింహాచలమ్మది ఇంకో కథ. బజార్లో చేపలమ్మి, బుట్ట కడిగేసి, ఊరికే చూద్దామని వచ్చింది. ఎవరో కర్ర చేతికిచ్చారు. శక్తికొద్దీ ఊపింది. బంతి కదల్లేదు, కాని పచ్చిక మాత్రం పెళ్ళగిలి చెట్టెక్కి కూర్చుంది. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. సింహాచలమ్మ కర్ర కింద పెట్టేసి బుట్ట ఎత్తుకోబోయింది.

"అబ్బబ్బబ్బ!" అని వినపడింది. "ఏం సెయ్యే నీది! ఒక్క దెబ్బకి ఇంత లోతా? ఇంకొక్కటి కొట్టుంటే నీళ్ళు పడిపోను గదే! బంతినేటి, ఎవుడైనా కొడతాడు. బూవిని కొట్టినోళ్ళని నానిదే సూడ్డం!"

సింహాచలమ్మ అటూ ఇటూ చూసి, బుట్ట దింపి, ఇంకోసారి కర్ర పట్టుకుంది. ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తుంది. ఆట ఏమీ బాగుపడలేదు.

ఎందుకయ్యా ఇలా అంటే, దీనికి ఊరంతా ఒక్కటే జవాబు చెప్పుకునేది: దిష్టి. లారీ వెనక పాతచెప్పు, కొత్తింటి గుమ్మానికి బూడిదగుమ్మడికాయ, పసిబిడ్డ బుగ్గన కాటుకచుక్క, పడవ ముక్కుకి నిమ్మకాయా మిరపకాయలూ. మంచిదాన్ని మంచిదని పైకి అనేస్తే చెడిపోతుందని జాలరిపేటల్లో ఉన్న భయమే ఆయన నాలుక మీద ఉందని అందరి నమ్మకం. "ఆ నోరే ఒక గుమ్మడికాయ. ఏలాడదీసుకుంటే ఇంటికి మంచిదే," అనేది టికెట్లిచ్చే బుల్లమ్మ.

కళకి మాత్రం ఆ గుమ్మడికాయ బరువు బాగా తెలుసు. పక్కింటి పిల్ల కాబట్టి ఆయన దగ్గరే కర్ర పట్టడం నేర్చుకుంది. కోల్‌కతాలో పోటీ గెలిచి, వెండిరంగు కప్పు పట్టుకుని ఓడ దిగి, ఇంటికి కూడా పోకుండా ముందు ఆయనకే చూపించింది. ఆయన దాన్ని తలకిందులుగా తిప్పి, గోటితో కొట్టి, "మూత నేదు. అడుగు నిలవదు. సారు కాసుకోడానికైనా పనికిరాదు. ఎవుడికైనా ఇచ్చీ," అన్నాడు. ఆ మాట కళకి ముల్లులా దిగి అలాగే ఉండిపోయింది. సింహాచలమ్మకి దక్కిన "అబ్బబ్బ" ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, తనకి ఎప్పుడూ దక్కలేదు. బాగా ఆడటం ఆమె చేసుకున్న ఖర్మ.

ఇప్పుడా కళే మైదానం చూసుకునే ఉద్యోగి. ఇప్పుడా మైదానానికే ముప్పు. ఏదో రిసార్టు కంపెనీ ఆ స్థలం అడుగుతోంది. ఇస్తే చుట్టూ కంచె పడుతుంది, గేటు పడుతుంది, సింహాచలమ్మలకి లోపల పని ఉండదు. ఇవ్వాలా వద్దా అన్నది రామ్‌ప్రసాద్‌గారు స్వయంగా ఆడి, చూసి, రిపోర్టు రాయాలి.

ఫీనిక్స్ బే జెట్టీలో ఓడ దిగి జీపెక్కినప్పుడే ఆయన మనసులో మాట సగం చెప్పేశాడు. "ఇది చాలా కష్టమైన మైదానమటండీ. ఎవరూ ఆడలేని చోటుని ప్రజలకోసం అని పట్టుకు కూర్చోవడం ఎందుకు? జనం ఒకసారి వస్తారు, అవమానపడతారు, మళ్ళీ రారు. అంతేనా?"

"లేదు సార్, వస్తారు," అంది కళ.

"ఎందుకొస్తారు?"

కళ ముందుకి తిరిగి రోడ్డు చూడసాగింది. అలాంటి మనిషి పక్కన, అలాంటి రోజున, ఇప్పుడు తాతబ్బాయి బుట్టతో సహా ఎక్కి కూర్చున్నాడు. జీపంతా నీచు వాసన.

"మీరూ ఆడతారా?" అన్నాడు ఆఫీసరు మర్యాదగా.

"ఆడతాను బాబూ. బాగా ఆడినప్పుడు సిగ్గేస్తాది గానీ."

రామ్‌ప్రసాద్‌గారు దీన్ని వినయం అనుకున్నాడు. "అయితే మాతోనే ఆడండి."

మైదానం చేరగానే కళ ముసలాయన చేతిలో పెద్ద కిళ్ళీ పెట్టింది. "దీన్ని నోట్లో పెట్టుకో. తొమ్మిదో గుంట దాకా ఉమ్మకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ ఒక్క పూట నోరు విప్పకు. మైదానం పోతుంది పెదనానా!"

"ఠీక్ హై," అని ఆయన కిళ్ళీ బుగ్గన పెట్టుకున్నాడు.

రామ్‌ప్రసాద్‌గారి సంచీ చూస్తే కళ్ళు చెదురుతాయి. తోలుసంచీ, ప్రతి కర్రకీ ఉన్ని టోపీ, ప్రత్యేకంగా ఒక గొడుగు. నాగరాజు దాన్ని పెళ్ళికొడుకుని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. ఆయన మొదటి గుంట దగ్గర నిలబడి, పుస్తకంలో బొమ్మలా వంగి, బొమ్మలాగే కర్ర ఎత్తి, కొట్టాడు. బంతి గడ్డిలో దొర్లుకుంటూ కాస్త దూరం పోయి, ఆలోచించుకుని, ఆగిపోయింది.

గోల్ఫ్‌లో ఒక మర్యాద ఉంది. ఎదుటివాడు చెడగొట్టినప్పుడు చూడనట్టుండాలి. కళ గర్జన్ చెట్టు కొమ్మల్లో ఏదో వెతికింది. నాగరాజు సంచీ జిప్పు సరిచేశాడు. నిశ్శబ్దం పెరిగి పెరిగి ఆఫీసరు మెడ ఎర్రబడే దాకా వచ్చింది.

"ఫూ!" అని కిళ్ళీ పొదలో పడింది. "అబ్బబ్బబ్బ!"

కళ కళ్ళు మూసుకుంది.

"సూసినారేటి బాబూ, ఎలాగెల్లిందో! పీత నడిసినట్టు! ఒక్క గడ్డిపోచా ఇరగనేదు. ఎగిరే బంతిని ఏ ఎదవైనా కొడతాడు, నేల నొప్పెట్టకుండా నడిపించడం, అది సెయ్యి తిరిగినోడి పని!"

ఆఫీసరు మెల్లగా తిరిగాడు. "వెక్కిరిస్తున్నావా?"

"ఎక్కిరింతేటి బాబూ!" తాతబ్బాయి మొహంలో వెతికినా కొంటెతనం దొరకలేదు. నిజంగానే మురిసిపోతున్నాడు. రామ్‌ప్రసాద్‌గారు ఏమనాలో తోచక "థాంక్స్," అన్నాడు.

తరవాత ముసలాయన వంతు. ఆయన కర్ర తిప్పడం చూడాలి. భుజాలతో కాదు, నడుముతో. పడవ అంచున నిలబడి విసురువల విసిరినట్టు ఒక్క చుట్టు తిరుగుతాడు. బంతి చక్కగా లేచి దారి మధ్యలో దిగింది. "ఛీ, ఎదవ బతుకు!" అని తనని తానే తిట్టుకున్నాడు. మూడో గుంటలో అదే బంతి జారి బురదలో పడితే, "శభాష్ రా తాతబ్బాయీ!" అని తన వీపు తనే తట్టుకోబోయి, చెయ్యందక, నాగరాజు చేత తట్టించుకున్నాడు.

నాలుగో గుంట దగ్గర రామ్‌ప్రసాద్‌గారు బంతిని వాగులోకి కొట్టాడు. రెండోదీ కొట్టాడు. మూడోది బోర్డుకి తగిలి, అక్షరం ఒకటి రాలగొట్టి, వాగులోకే పోయింది.

"అరె వాహ్! మొసలికి పిల్లలున్నాయని ఎవుడికైనా తోసిందా ఇన్నాళ్ళూ? ఇంత మందాడేరు, ఒక్కొక్క బంతి పారీసి పోయేరు. లెక్కగా అందరికీ అందేలాగ కొట్టింది మీరే బాబూ! దిల్ ఉండాలి సాబ్, దిల్!"

ఆఫీసరు నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. దగ్గు కాబోలని కళ భయంగా చూసింది. కాదు, నవ్వు. వాడక తక్కువై తుప్పుపట్టిన నవ్వు.

ఆ తరవాత ఆయన కాలర్ గుండీ విప్పాడు. ఆరో గుంటలో బంతి ఆవు వీపు మీద పడి అక్కడే ఉండిపోయింది. "గోమాత మోసింది బాబూ! ఏ పుణ్యాత్ముడికి దక్కుతాది!" అని తాతబ్బాయి దణ్ణం పెట్టాడు. ఆవు లేచే దాకా ముగ్గురూ గట్టు మీద కూర్చున్నారు.

"ఢిల్లీలో ప్రతి వారం ఆడతానండీ," అన్నాడు రామ్‌ప్రసాద్‌గారు హఠాత్తుగా. "పెద్ద పెద్దవాళ్ళతోనే. నేను కొట్టగానే అందరూ పక్షుల్ని చూస్తారు. ఇన్నేళ్ళూ పక్షుల్ని చూసేవాళ్ళతోనే ఆడాను."

కళకి చెప్పలేనంత సిగ్గేసింది. పొద్దుటి నుంచి తను చూసినవి కొమ్మలు. తేడా అంతే. అయినా ధైర్యం కూడా కలిగింది. ఆట ముగియడానికి ఇంకెంతో లేదు. ఈయన ఇలాగే చెడగొట్టుకుంటూ పోతే మైదానం బతికినట్టే.

ఎనిమిదో గుంట. చిత్తడి, అవతల విస్తరంత పచ్చిక. బంగారురాజు అంతటివాడు కూడా ఇక్కడ దేవుణ్ణి తలుచుకుంటాడు. రామ్‌ప్రసాద్‌గారు నవ్వుతూ, పెద్దగా పట్టించుకోకుండా, ఊరికే కర్ర ఊపాడు.

టక్ మని శబ్దం వచ్చింది. ఆ శబ్దం వేరు. బంతి రెండు గర్జన్ చెట్ల మధ్య నుంచి లేచి, ఒక క్షణం ఆకాశాన్ని పట్టుకుని, చిత్తడి దాటి, పచ్చిక మీద మెత్తగా దిగి, జెండాకర్రకి ఆనుకుని నిలబడింది.

అంత పెద్ద ఆఫీసరు గాల్లోకి ఎగిరాడు. నాగరాజు సంచీ పారేసి చప్పట్లు కొట్టాడు. రామ్‌ప్రసాద్‌గారు మొదటిసారి సైకిలు తొక్కిన పిల్లాడి మొహంతో, సూటిగా తాతబ్బాయి వైపు తిరిగాడు. చిల్లర దెబ్బలకే అంత మురిసినవాడు దీనికేమంటాడో!

కళ ఆఫీసరు వెనక నిలబడి చేతులు జోడించింది. పెదవుల మీద వేలు పెట్టుకుంది. ఏడుపు మొహం పెట్టింది.

"ఛీ ఛీ ఛీ!" అన్నాడు తాతబ్బాయి. "ఇదేటి బాబూ, ఇదీ ఒక దెబ్బేనా? ఎలాగ ఆనుకున్నాదో సూడండి, కల్లుపాక ముందు తాగుబోతోడు గుంజకానుకున్నట్టు! సదువుకున్నోరు, పెద్దోరు, ఇలాగేనా కొట్టడం? సిగ్గనిపిస్తన్నేదూ?"

సైకిలు తొక్కిన పిల్లాడు మాయమయ్యాడు. ఆఫీసరు కాలర్ గుండీ పెట్టుకున్నాడు. "జీపు తీయించండి."

"సార్, సార్, అది తిట్టు కాదు సార్!" కళ వెంటపడింది. "ఆయన తీరే అంత. దిష్టి తగులుతుందని మంచిదాన్ని మంచిదనరు. మీరు అద్భుతంగా కొట్టారు కాబట్టే తిట్టారు. బాగా కొడితే తిడతారు, చెడగొడితే మెచ్చుకుంటారు!"

రామ్‌ప్రసాద్‌గారు ఆగాడు. "చెడగొడితే మెచ్చుకుంటాడా?"

"అవును సార్!"

"అంటే పొద్దుటి నుంచీ ఆయన నన్ను మెచ్చుకున్నదంతా..."

కళ నాలుక కరుచుకుంది. కప్పు తెచ్చిన తెలివి ఇలాంటప్పుడు ఎందుకూ పనికిరాదు.

జీపు తొమ్మిదో గుంట చివర, షెడ్డు దగ్గరుంది. అక్కడికి నడవాల్సింది తొమ్మిదో గుంట వెంటే. పొద్దుటి నుంచీ వాళ్ళతో ఆడుతున్న కళకి ఇంకా ఆ గుంట మిగిలి ఉంది. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, ఒక్క మంచి దెబ్బతో ఈయన మనసు మళ్ళించాలి కాబట్టి, బంతి పెట్టి కర్ర ఎత్తింది. చూపు సగం ఆఫీసరు మీదే ఉంది. కర్ర గాలిని కోసింది. బంతి ఉన్న చోటే ఉంది. రెండోసారి గట్టిగా కొట్టింది. బంతి పడౌకు మానుకి తగిలి, వెనక్కి తిరిగి, ఆఫీసరు చెవి పక్కనుంచి రివ్వుమని పోయి, ఎనిమిదో గుంట చిత్తడిలో, దాటొచ్చిన చిత్తడిలోనే, బుడుంగుమంది.

ద్వీపాలన్నిట్లో ఆమెను మించిన ఆటగత్తె లేదు. రామ్‌ప్రసాద్‌గారు మర్యాదగా కొమ్మల్లోకి చూశాడు. నాగరాజు జిప్పు సవరించాడు. కళకి నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది.

"అబ్బబ్బబ్బబ్బ!"

ఆమెకి ఒక క్షణం అర్థం కాలేదు, ఆ కేక ఎవరికోసమో.

"కళమ్మా! ఎలాగ కొట్టేవే! ముందుకి కొట్టడం ఊరోళ్ళందరికీ వొచ్చు. ఎనక్కి కొట్టి, అయిపోయిన గుంటని మళ్ళీ మొదలెట్టడం ఎవులికొచ్చే? నానే గదా నేర్పేను! ఏ పిల్లకి నేర్పేనురా బగమంతుడా! నా తల్లే, నా బంగారే!"

ఎన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట! వస్తే ఇలాగా రావడం! తనకి కోపం రావాలని కళకి తెలుసు. రాలేదు. పకపకా నవ్వొచ్చేసింది. కర్ర మీద ఆనుకుని, కళ్ళు తుడుచుకుంటూ, ఊపిరి అందక నవ్వింది.

రామ్‌ప్రసాద్‌గారు కొమ్మలు వదిలి ఆమెను చూశాడు. పొద్దున తన మొహం ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు బయటి నుంచి కనిపించిందేమో. నోరు ఒక పక్కకి వంకర తిరిగింది.

"అబ్బబ్బ," అన్నాడు మెల్లగా, అలవాటు లేని మనిషి ఈత కొట్టినట్టు. "చాలా బాగా కొట్టారండీ. నా చెవి మిగిల్చారు చూడండి, అదీ గొప్ప."

"గొప్పా గిప్పా ఏటి బాబూ, ఇంకొంచెం ఇటు కొట్టుంటే అదీ మిగిలీదు గాదు," అన్నాడు తాతబ్బాయి.

ఆ తరవాత తొమ్మిదో గుంటని ముగ్గురూ కలిసి నాశనం చేశారు. ఎవరు ఎక్కడ కొట్టారో ఎవరికీ తెలియదు. నాగరాజు కూడా ఒక దెబ్బ వేసి షెడ్డు రేకు సొట్టబెట్టాడు. బుల్లమ్మ టికెట్ల గదిలోంచి బయటికి పరుగెత్తుకొచ్చి, "భూకంపమేటి భయ్యా?" అంది.

జీపెక్కే ముందు రామ్‌ప్రసాద్‌గారు కళని పిలిచాడు. మొహం మళ్ళీ ఆఫీసరు మొహం.

"మీ మైదానం పరమ దరిద్రంగా ఉందండీ."

కళ చేతిలో కర్ర కింద పెట్టేసింది.

"ఇంత పనికిమాలిన చోటు నేనెక్కడా చూడలేదు. మళ్ళీ నెల వస్తాను. మా ఆవిణ్ణి కూడా తీసుకొస్తాను, ఆవిడకి కర్ర పట్టుకోవడమే రాదు." అప్పుడు నవ్వాడు. "కంచె పడదు. జనం మళ్ళీ ఎందుకొస్తారో చూశాను. అదే రాస్తాను."

జీపు కనుమరుగయ్యే దాకా కళ అలాగే నిలబడి, తరవాత వచ్చి షెడ్డు మెట్టు మీద కూలబడింది. పక్కన తాతబ్బాయి బుట్ట సర్దుకుంటున్నాడు.

"పెదనానా, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. దిష్టంటే నీకంత భయమా?"

"దిష్టేటే?"

"అదే, బాగుందంటే దిష్టి తగులుతుందని గదా నువ్వు..."

"ఎవుడు సెప్పేడు?"

"ఊరంతా చెప్తోంది!"

"ఊరికి పని నేదు. బంతికి దిష్టేటి, దానికేటి పెళ్ళి సెయ్యాలా? నానెన్నడూ అన్నేదు ఆ మాట."

కళ తెల్లబోయింది. ఆ ముక్క పట్టుకునే కదా, ఇందాక ఆఫీసరు దగ్గర పీకల దాకా మునిగింది! "మరి చెడగొట్టినవాళ్ళని అంత పొగడటమెందుకు?"

తాతబ్బాయి కర్రకంటిన బురద లుంగీ అంచుతో తుడిచాడు.

"బాగా కొట్టినోడికి నా మాటతో పనేటే? ఆడి బంతే ఆడికి సెప్తాది. సెడగొట్టినోడికి ఎవులు సెప్తారు? వేట పడిన పడవొస్తే ఒడ్డంతా పరిగెడతాది. ఉత్త వలతో ఒచ్చినోడు దిగి సూస్తే, అందరూ అటు తిరిగి తాళ్ళు సుట్టుకుంటంటారు. నాకు తెల్దేటి? సానాసార్లు నానే ఆడ్ని."

కళ ఆయన కర్ర అందుకుని బుట్టలో నిలబెట్టింది. ఒక సందేహం మాత్రం మిగిలింది.

"అది సరే. మరి బాగా కొట్టినవాళ్ళని తిట్టడం? అంతమందిని, ఇన్నాళ్ళూ? ఆ బంగారురాజుని, నన్ను?"

"అదా?" తాతబ్బాయి బుట్ట వీపుకెత్తుకున్నాడు. "అది సరదా."

కళ నోరు తెరిచి, తిట్టడానికి తగిన మాట వెతుక్కుని, మళ్ళీ తలెత్తేసరికి ఆయన మైదానం గేటు దాటేశాడు. ఆఫీసరు మరిచిపోయిన గొడుగు నెత్తిన విప్పుకుని, వాన లేకపోయినా, దొరబాబులా రోడ్డెక్కి నడిచిపోతున్నాడు. వెళ్ళొస్తానని ఒక్క మాటైనా అనలేదు.